మిక్స్‌డ్ మీడియా బ్యాక్‌గ్రౌండ్: టెక్స్చర్ దగ్గర ఎందుకింత గందరగోళం?

బొమ్మకి ముందు వేసే తెల్లటి అడుగు పూత, జెస్సో, లేకుండా మొదలుపెట్టొద్దని ఒకరంటారు, దాని అవసరమే లేదని ఇంకొకరు. రంగులో వంట సోడా కలిపితే గరుకు తెచ్చే చక్కటి పేస్ట్ తయారవుతుందని ఒక వీడియో చెబుతుంది, ఆ వీడియో కిందే ఎవరో వచ్చి దాని జోలికి వెళ్లొద్దని హెచ్చరిస్తారు. ముందు గరుకు తెచ్చి తర్వాత రంగు వేయాలా, రంగు వేశాక గరుకు తేవాలా అన్నదాని మీదా రెండు పార్టీలున్నాయి. మిక్స్‌డ్ మీడియా, అంటే రంగు, కాగితం, జిగురు లాంటి వేర్వేరు పదార్థాల్ని ఒకే బొమ్మలో కలిపే పని, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది అసలు బొమ్మ దాకా రాకుండా బ్యాక్‌గ్రౌండ్ దగ్గరే ఆగిపోయేది ఇందుకే. విచిత్రం ఏమిటంటే ఈ సలహాల్లో చాలావరకు నిజమే. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకి జవాబు, కాకపోతే ఆ ప్రశ్న ఏమిటో ఎవరూ చెప్పరు.

ఆ ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: దీని మీద తర్వాత ఏ పొర రాబోతోంది? టెక్స్చర్‌ని చూడ్డానికి బాగుండే అలంకారంగా తీసుకుంటే సలహాలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. రాబోయే నీళ్లు, రంగు, జిగురు, పెన్ను దాని మీద ఎలా ప్రవర్తిస్తాయన్న కోణంలో చూస్తే చాలా ముడులు వాటంతటవే వీడతాయి.

## ఒకే పేరుతో తిరుగుతున్న మూడు సంగతులు

టెక్స్చర్ అన్నప్పుడు జనం మూడు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతుంటారు. మొదటిది చేత్తో తడిమితే తెలిసే ఎత్తుపల్లాలు. పేస్ట్ గట్లు, అతికించిన గాజుగుడ్డ, ముడతలు పడ్డ టిష్యూ పేపర్, ఇసుక కలిపిన రంగు, ఇవన్నీ ఆ కోవలోకి వస్తాయి. రెండోది కంటికి మాత్రమే కనిపించేది. చిలకరించిన చుక్కలు, స్టాంపు గుర్తులు, ఇంకు పాకిన మరకలు తడిమి చూస్తే నున్నగానే ఉంటాయి, కన్ను మాత్రం గరుకని నమ్ముతుంది.

ఈ రెండిటికీ తేడా చూపించడానికి పికాసో 1912లో చేసిన 'కుర్చీ అల్లికతో నిశ్చల చిత్రం' కంటే మంచి ఉదాహరణ దొరకదు. అందులో కనిపించే కుర్చీ పేము అల్లిక నిజమైన అల్లిక కాదు. అల్లిక డిజైన్ అచ్చువేసిన నున్నటి ఆయిల్‌క్లాత్ ముక్కని తెచ్చి అతికించాడు, చుట్టూ మాత్రం నిజమైన తాడు బిగించాడు. గరుగ్గా కనిపించేది నునుపు, అంచున ఉన్న తాడు నిజంగానే గరుకు. అదే రోజుల్లో పికాసో స్నేహితుడైన చిత్రకారుడు బ్రాక్ రంగులో ఇసుక కలిపి వేస్తున్నాడు. అంటే కంటి టెక్స్చర్, చేతి టెక్స్చర్ ఒకే బొమ్మలో పక్కపక్కన ఉండటం వందేళ్లు దాటిన సంగతి.

మూడోదే అందరూ మర్చిపోయేది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా: ఉపరితలం పట్టు. నీటిని ఎంత పీల్చుకుంటుంది, పెన్సిల్ పొడిని ఎంత పట్టుకుంటుంది అన్నది. ఇది కంటికి కనపడదు, వేలికి కూడా సరిగ్గా తెలియదు, బ్రష్ పెట్టాక బయటపడుతుంది. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు తెల్లటి పొరల్లో ఒకటి నీళ్లరంగుని స్పాంజిలా తాగేస్తుంది, ఇంకొకటి బొట్లుబొట్లుగా పైనే నిలబెడుతుంది. వీడియోలో చూసినట్టే చేశాం, మనకెందుకు అలా రాలేదు అనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఈ తేడాలోనే ఉంది.

ఇంకో మూలం వెలుతురు. చేతి టెక్స్చర్ కనిపించేది నీడల వల్లే. దీపం పక్కనుంచి పడితే ప్రతి గట్టూ ఒక నీడ గీస్తుంది, ఎదురుగా పడితే ఆ నీడలు పోయి అంతా చదునుగా కనిపిస్తుంది. వీడియోల్లో లోతుగా, నాటకీయంగా కనిపించే పేస్ట్ పనికి సగం మెరుపు పక్కలైటుదే. అదే పేజీని స్కాన్ చేస్తే నీరసంగా కనిపించవచ్చు, అంతమాత్రాన పని పాడైనట్టు కాదు.

## అడుగున ఉన్నదే సగం నిర్ణయిస్తుంది

కాగితం పీచులు తడికి ఉబ్బుతాయి, ఆరాక బిగుసుకుంటాయి. ఒకవైపే తడి తగిలితే ఒకవైపే సాగి కాగితం వంపు తిరుగుతుంది. దానిమీద అక్రిలిక్ పేస్ట్ వేస్తే అది ఆరుతూ కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి తనవైపుకి లాగుతుంది. పల్చటి నోట్‌బుక్ కాగితం ఈ లాగుడికి తట్టుకోలేదు. చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే వాటర్‌కలర్ కాగితాన్ని అందరూ సిఫార్సు చేసేది అందుకే, అదీ పూర్తిగా వంగకుండా ఉండదు, తక్కువ వంగుతుంది. వెనకవైపు కూడా ఒక పూత వేస్తే రెండువైపులా లాగుడు సమానమై కాగితం చాలావరకు సర్దుకుంటుంది.

కాన్వాస్ కథ వేరు. అది తడికి పెద్దగా భయపడదు కానీ వేలితో నొక్కితే ఊగుతుంది. ఊగే గుడ్డ మీద రాయిలా గట్టిపడే మందపు పొర వేస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది. చెక్క పలక, గట్టి బోర్డు ఊగవు కాబట్టి బరువైన టెక్స్చర్‌కి అవే నిబ్బరంగా నిలబడతాయి. కాకపోతే పూత లేని చెక్క మీద పారదర్శక అక్రిలిక్ జెల్ మందంగా వేస్తే, ఆరేటప్పుడు నీటితోపాటు చెక్కలోని మలినాలు పైకి వచ్చి జెల్‌కి పసుపు ఛాయ పట్టే అవకాశం ఉంది. చెక్కకి ముందు సీలింగ్ పూత వేయమనేది ఈ సమస్య తెలిసినవాళ్లే.

## జెస్సో వేయాలా వద్దా

పాతకాలపు జెస్సో అంటే సుద్దపొడి లేదా జిప్సం, జంతువుల చర్మంతో తీసిన జిగురు. చెక్క పలకల మీద పొరలుపొరలుగా వేసి నున్నగా రుద్దేవాళ్లు. అది బాగా పీల్చుకుంటుంది, పెళుసుగా ఉంటుంది. ఇప్పుడు డబ్బాలో దొరికేది దానికి దూరపు చుట్టం. 1950లలో నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగులు బజారులోకి వచ్చాక పుట్టిన అక్రిలిక్ జెస్సో ఇది: పాలిమర్ బైండర్ (పొడిని పట్టి ఉంచే ప్లాస్టిక్ లాంటి జిగురు), తెల్ల పిగ్మెంట్ (రంగు పొడి), సుద్దలాంటి పొడి. ఇది వంగుతుంది, తక్కువ పీల్చుకుంటుంది, పై పొరకి పట్టునిస్తుంది.

ఇది చేసే పనులు చెప్పుకుంటే వేయాలా వద్దా అన్నది తేలిపోతుంది. రంగు కాగితంలోకి ఇంకిపోకుండా ఆపుతుంది, కింద ఉన్న అచ్చు అక్షరాలనో పాత బొమ్మనో సగం మరుగుపరుస్తుంది, నున్నటి ఉపరితలానికి కాస్త గరుకునిస్తుంది. ఇందులో ఏదీ మీకు అక్కర్లేకపోతే జెస్సో కూడా అక్కర్లేదు. మంచి వాటర్‌కలర్ కాగితం మీద నీళ్లరంగు పాకించడమే మీ ఉద్దేశమైతే మామూలు జెస్సో దానికి అడ్డం కూడా, ఎందుకంటే కాగితం పీల్చే గుణమే ఆ పారుదలకి ఆధారం. అదే పాత పుస్తకం పేజీల మీద పని చేసేవాళ్లకి జెస్సో లేకపోతే చేయి ఆడదు. వీళ్లిద్దరూ ఒకే వీడియో కింద కొట్టుకుంటే ఎవరూ తప్పు కాదు.

## పేస్టులు ఎలా గట్టిపడతాయి

అక్రిలిక్ పేస్ట్, జెల్ ఆరడమంటే అందులోని నీళ్లు ఎగిరిపోవడం. నీళ్లలో తేలే సన్నటి పాలిమర్ రేణువులు నీళ్లు పోతుంటే దగ్గరికి జరిగి, ఒకదానికొకటి అతుక్కుని, ఒక పొరగా మారతాయి. తడిగా ఉన్నప్పుడు జెల్ తెల్లగా, ఆరాక గాజులా కనిపించడానికి కారణం ఇదే. బాగా చలిగా ఉన్న గదిలో, అంటే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి వెళ్తే, రేణువులు సరిగ్గా కలవక పొర బలహీనంగా తయారవుతుంది.

నీళ్లు పైనుంచే పోవాలి కాబట్టి మందంగా వేసినప్పుడు పాల మీద మీగడ కట్టినట్టు ముందు పైపొర బిగుస్తుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. చేత్తో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్ల మందం ఉంటే లోపలిదాకా ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. హెయిర్ డ్రయ్యర్ పెట్టి తొందరపెడితే పైపొర ఇంకా ముందే బిగిసి బుడగలు, పగుళ్లు వస్తాయి.

రకాల మధ్య తేడా అంతా బైండర్‌తో పాటు ఏం కలిపారన్న దానిలో ఉంది. మోడలింగ్ పేస్ట్‌లో పాలరాతి పొడిలాంటి గట్టి పదార్థం ఎక్కువ, అందుకే ఆరాక తెల్లగా, గట్టిగా ఉంటుంది, ఎత్తు పెద్దగా తగ్గదు, రుద్దితే నునుపవుతుంది. 'లైట్' అని రాసి ఉన్న పేస్ట్‌లో లోపల బోలుగా ఉండే అతి సన్నటి గుండ్లు కలుపుతారు. బరువు తక్కువ, నీటిని బాగా పీలుస్తుంది. జెల్ మీడియంలో ఇలాంటి పొడి ఉండదు, దాదాపు పాలిమరే, అందుకే ఆరేకొద్దీ కుంగుతుంది, పారదర్శకంగా మిగులుతుంది. ప్యూమిస్ జెల్‌లో అగ్నిపర్వత రాయి పొడి ఉంటుంది, గరుకు కాగితంలా తయారవుతుంది. క్రాకిల్ పేస్ట్ మాత్రం కావాలనే పగలడానికి చేసింది.

పగుళ్ల విషయంలో ఒక చిన్న పక్కదారి. మామూలుగా అందరూ తప్పించుకోవాలనుకునే ఈ పగుళ్లనే ఇటలీ చిత్రకారుడు అల్బెర్టో బుర్రి 1970లలో 'క్రెట్టీ' అనే వరుసలో అసలు విషయంగా మార్చేశాడు. జిగురు, తెల్ల పొడి కలిసిన మందపు పొర ఆరుతూ ఎండిన చెరువు నేలలా చీలుతుంది, ఆ చీలికలే బొమ్మ. మోడలింగ్ పేస్ట్ మరీ మందంగా ఒకేసారి వేసినప్పుడు మన పేజీలో జరిగేదీ దాదాపు ఇదే, కాకపోతే మనకి అక్కర్లేని చోట.

## ఒకే స్టెన్సిల్, ఒకే పేస్ట్, వేరు ఫలితాలు

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ఒక ఉదాహరణలో చూద్దాం. రెండు బోర్డు ముక్కలు, రెండిటి మీదా ఇటుకల ఆకారంలో రంధ్రాలు కత్తిరించిన స్టెన్సిల్ రేకుతో మోడలింగ్ పేస్ట్, ఒకే మందం. రెండూ ఆరాయి. మొదటిదాన్ని అలాగే వదిలేశాం. రెండోదానిమీద నిగనిగలాడే గ్లాసీ మీడియం (పారదర్శకంగా ఆరే అక్రిలిక్ ద్రవం) ఒక పల్చటి పూత వేసి మళ్లీ ఆరనిచ్చాం. ఇప్పుడు రెండిటిమీదా నీళ్లగా కలిపిన ముదురు గోధుమ రంగు పోసి, అర నిమిషం తర్వాత తడిగుడ్డతో తుడిచాం.

మొదటి ముక్కలో పేస్ట్ రంగుని తాగేసింది. ఇటుకల పైభాగం, మధ్య సందులు అన్నీ గోధుమే. ఎంత తుడిచినా పూర్తిగా పోదు, ఎత్తుపల్లాలు ఆ రంగులో సగం కలిసిపోయాయి. రెండో ముక్కలో రంగు పైన నిలవలేక సందుల్లోకి జారింది, పైన మిగిలింది గుడ్డకి అంటుకుని వచ్చేసింది. ఇటుకలు తెల్లగా, సందులు ముదురుగా, ప్రతి గట్టూ గీసినట్టు కనిపిస్తోంది. మధ్యలో ఒక్క పారదర్శక పూత, అంతే తేడా.

దీన్ని తిరగేసి కూడా చేయొచ్చు. రెండు ముక్కలకీ ముందు ముదురు రంగు నిండా వేసి, ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌కి లేతరంగు అంటించి పైపైన ఈడిస్తే ఆ రంగు మిట్టలకే తగులుతుంది, పల్లాలు ముదురుగానే ఉండిపోతాయి. నీళ్లగా కలిపిన రంగు, అంటే వాష్, పల్లాన్ని వెతుక్కుంటుంది, పొడి బ్రష్ మిట్టని పట్టుకుంటుంది. చేతి టెక్స్చర్ మీద రంగు వేయడంలో ఉన్న చాలా పద్ధతులు ఈ రెండిటి కలయికలే.

మొదటి ముక్క విఫలమైందా అంటే, అలా అనలేం. వాన పట్టిన పాత గోడలా, మసకగా, మెత్తగా కనిపించాలనుకునేవాళ్లకి అదే కావాలి. ఏం రాబోతోందో ముందే తెలిసి ఉండటమే ఇక్కడ పని.

## పేస్ట్ లేకుండా వచ్చే టెక్స్చర్

టెక్స్చర్ అనగానే డబ్బాలు కొనుక్కోవాలనే టెన్షన్ చాలామందికి ఉంది. చరిత్ర చూస్తే మిక్స్‌డ్ మీడియాకి బాగా పనికొచ్చిన కొన్ని పద్ధతులకి పేస్ట్ అవసరమే లేదు. 1925లో చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ ఫ్రాన్స్‌లోని పోర్నిక్ అనే సముద్రతీర ఊళ్లో ఒక సత్రంలో ఉన్నప్పుడు, అరిగిపోయిన నేలచెక్కల మీద కాగితం పరిచి పైన పెన్సిల్‌తో రుద్ది ఆ గీతల్ని దించాడు. అదే ఫ్రొటాజ్. తర్వాత ఇదే ఆలోచనని ఆయిల్ రంగుకి తెచ్చి, రంగు పూసిన కాన్వాస్ కింద వస్తువులు పెట్టి పైనుంచి గీకడం మొదలుపెట్టాడు, అది గ్రాటాజ్. 1930ల మధ్యలో ఇంకో చిత్రకారుడు ఆస్కార్ డొమింగెజ్ రెండు కాగితాల మధ్య తడి గువాష్ (చిక్కటి, కింది పొరని కప్పేసే నీళ్లరంగు) నొక్కి విడదీసి, పగడపు దిబ్బల్లాంటి ఆకారాలు రాబట్టాడు. దీన్ని డికాల్కోమానియా అంటారు. తడి రంగు మీద ముడతలు పెట్టిన ప్లాస్టిక్ కవర్ అతికించి ఆరాక తీయడం ఈ కుటుంబంలోదే: కవర్ తగిలిన చోట ఒకలా, గాలి ఉన్న చోట ఇంకోలా ఆరి గీతలు పడతాయి.

ఉప్పు, స్పిరిట్ కిటుకులు కూడా ఇలా కంటి టెక్స్చర్‌వే, కానీ లోపల జరిగేది వేరు. తడి నీళ్లరంగు మీద ఉప్పు చల్లితే ప్రతి పలుకూ చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది, నీటితో పిగ్మెంట్ కదిలి నక్షత్రాల్లాంటి మచ్చలు పడతాయి. రంగు మరీ చిత్తడిగా ఉంటే ఉప్పు కరిగిపోతుంది, మరీ ఆరిపోతే ఏమీ జరగదు; మెరుపు తగ్గుతున్న ఆ కొద్ది నిమిషాలే దాని సమయం. ఆరాక పలుకుల్ని పూర్తిగా దులిపేయకపోతే అవి గాలిలో తేమని లాక్కుంటూనే ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేస్తే తలతన్యత తేడా వల్ల రంగు పక్కకి తొలగి ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఇది పల్చటి, తడి అక్రిలిక్ వాష్ మీద బాగా పనిచేస్తుంది, మందపు రంగు మీద అసలు చేయదు.

## అతికించిన కాగితాలు

కొలాజ్ గురించి రెండు మూడు విషయాలు తెలిస్తే చాలు. న్యూస్‌పేపర్‌లో లిగ్నిన్ (చెక్కలో సహజంగా ఉండే పదార్థం) ఎక్కువ, వెలుతురుకి పసుపెక్కి పెళుసుబారుతుంది. పైన అక్రిలిక్ పూత వేస్తే గాలి తగలడం తగ్గుతుంది కానీ లోపలున్న ఆమ్లం ఎక్కడికీ పోదు. రంగు టిష్యూ పేపర్లలో చాలావాటి డై తడికి కారుతుంది, వెలుతురుకి వెలుస్తుంది. కారడం కొందరికి కావాల్సిన ఎఫెక్టే అయినా వెలవడం ఎవరికీ అక్కర్లేదు. చాలా ఇంక్‌జెట్ ప్రింట్లు జెల్ తగలగానే అలికినట్టవుతాయి, లేజర్ ప్రింట్‌లో ఉండేది కాగితానికి కరిగి అంటుకున్న టోనర్ కాబట్టి అలాంటి ఇబ్బంది ఉండదు.

## ఇంట్లో కలిపిన పేస్ట్ మీద వాదన

ఇంట్లో తయారు చేసుకునే పేస్టుల రెసిపీలు లెక్కలేనన్ని. అన్నిటిలో ఉండేది ఒక జిగురు, ఒక పొడి. తేడా అంతా పొడిలోనే.

సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్, నీటిలో దాదాపు కరగదు, ఏ రసాయన చర్యా లేకుండా నింపుడు పదార్థంగా కూర్చుంటుంది. దుకాణంలో కొనే పేస్టుల్లోనూ ఎక్కువగా ఉండేది దీని బంధువులే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అలా ఊరుకోదు. అది ఆరి గట్టిపడదు, నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది, కలిపిన గిన్నెలోనే నిమిషాల్లో చిక్కబడుతుంది. అందుకే దాన్ని కలిపి సీసాలో దాచుకోవడం కుదరదు, జిగురు తక్కువైతే పొర పెళుసుగా రాలుతుంది. వంట సోడా మూడో రకం: అది గట్టిపడనూ గట్టిపడదు, పైగా నీటిలో కరిగే లవణం, కాస్త క్షార గుణం కూడా. రంగుతో కలపగానే మందంగా, రవ్వరవ్వగా అవుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ లవణం పొరలోనే ఉండిపోతుంది కాబట్టి, తర్వాత నీళ్లరంగు వేసినా, గదిలో తేమ పెరిగినా అది కదిలే వీలుంది.

వంట సోడాని సమర్థించేవాళ్ల వాదన తీసిపారేయాల్సింది కాదు. వాళ్లు చేసేది ఆర్ట్ జర్నల్ (సొంతానికి బొమ్మలు వేసుకునే నోట్‌బుక్) ప్రయోగాల కోసం, అమ్మకానికి కాదు, గోడకీ కాదు. కావాల్సింది ఆ సాయంత్రం చేతికి గరుకు తగలడం, అది దొరుకుతోంది. వ్యతిరేకించేవాళ్లది మన్నిక గొడవ: డబ్బు తీసుకుని ఇచ్చే బొమ్మలో ఏళ్ల తర్వాత ఏమవుతుందో తెలియని పదార్థం ఎందుకు అని. ఇద్దరి లెక్కా వాళ్లవాళ్ల పనికి సరిపోతుంది. నన్నడిగితే ఇంట్లోనే కలపాలనుకున్నవాళ్లకి సుద్దపొడి, అక్రిలిక్ మీడియం జత మిగతావాటికంటే తక్కువ తలనొప్పి.

పొడి ఏదైనా, కలిపేటప్పుడూ ఆరిన పేస్ట్‌ని రుద్దేటప్పుడూ లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి రుద్దితే దుమ్ము లేవదు, పొడిగా చేస్తే మాస్కు తప్పదు.

## దేని మీద ఏది నిలవదు

మిక్స్‌డ్ మీడియాలో పదార్థాలన్నీ కలిసి కాపురం చేయవు. ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ రంగు నిలుస్తుంది. ఆయిల్ రంగు మీద అక్రిలిక్ నిలవదు, నూనె పొర మీద నీటి ఆధారిత పొరకి పట్టు దొరకదు. ఆయిల్ పేస్టెల్‌ది ఇంకా ఇబ్బంది, అది ఎప్పటికీ పూర్తిగా ఆరదు, దానిమీద వేసిన అక్రిలిక్ కొన్నాళ్లకి పెచ్చులుగా లేస్తుంది. అయితే మైనం, నూనె నీటిని తిప్పికొట్టే ఈ గుణాన్నే వాడుకుని మైనపు క్రేయాన్ గీతల మీద నీళ్లరంగు పారిస్తే గీతలు తెల్లగా బయటపడతాయి. ఒకచోట లోపం, ఇంకోచోట అదే టెక్నిక్.

బొగ్గు, సాఫ్ట్ పేస్టెల్, పెన్సిల్ పొడిగా ఉండేవి కాబట్టి వాటికి గరుకు కావాలి. నిగనిగలాడే జెల్ మీద జారిపోతాయి. పెన్నులకి సరిగ్గా దీనికి వ్యతిరేకం. ప్యూమిస్ జెల్ మీద సన్నటి పెన్ను నడిపితే ముక్కు అరిగిపోతుంది, సరిగ్గా ఆరని అక్రిలిక్ మీద నడిపితే ముక్కు మూసుకుపోతుంది. పేజీ మీద తర్వాత ఏమైనా రాయాలనుకుంటే ఆ చోటుని నున్నగా, మ్యాట్‌గా (మెరుపు లేకుండా) వదిలేయాలన్నది ఈ పెన్నుల వల్లే వచ్చిన సంగతి.

## అంతా బురద రంగు ఎందుకవుతుంది

ఇది టెక్స్చర్ సమస్యలా కనిపిస్తుంది, నిజానికి ఆరబెట్టే సమస్య. నీలం వాష్ తడిగా ఉండగానే నారింజ వేస్తే రెండూ కలిసి పేజీ అంతటా ఒకే గోధుమ బూడిద రంగు. నీలం అక్రిలిక్ పూర్తిగా ఆరాక పల్చటి నారింజ వేస్తే, అవి ఒకదానిమీద ఒకటి పడ్డ చోట గోధుమ ఛాయ వస్తుంది కానీ పక్కనే నీలం నీలంగా, నారింజ నారింజగా మిగులుతాయి, కంటికి మూడు రంగులు దొరుకుతాయి. మెలిక ఎక్కడంటే, ఆరిన అక్రిలిక్ మళ్లీ తడవదు, నీళ్లరంగు, గువాష్, కొన్ని ఇంకులు మాత్రం ఎన్నిసార్లు ఆరినా తడి తగలగానే లేస్తాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో ఇవి ఉన్నప్పుడు పైన వేసిన జెస్సోకి గులాబీ ఛాయ ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాక తల పట్టుకునేది ఇందుకే.

## ముందు బ్యాక్‌గ్రౌండా, ముందు బొమ్మా

ఒక వర్గం బ్యాక్‌గ్రౌండ్‌ని ఏ ప్లానూ లేకుండా చేసుకుంటూ పోయి, అందులో కనిపించిన ఆకారంలోంచి బొమ్మని వెతుక్కుంటుంది. ఎర్నెస్ట్ చేసింది అదే, రుద్దగా వచ్చిన చెక్క గీతల్లో అడవుల్ని, పక్షుల్ని చూశాడు. ఇంకో వర్గం బొమ్మ ఎక్కడ రావాలో ముందే నిర్ణయించుకుని ఆ చోటు ఖాళీగా, నున్నగా ఉంచి చుట్టూ టెక్స్చర్ పెంచుతుంది. మొదటి పద్ధతిలో ఊహించనివి దొరుకుతాయి, పేజీలూ ఎక్కువ పాడవుతాయి. రెండోదానిలో బొమ్మ భద్రం, కానీ కొన్నిసార్లు బ్యాక్‌గ్రౌండ్ చుట్టూ కట్టిన ఫ్రేములా విడిగా ఉండిపోతుంది.

ఇద్దరికీ ఉమ్మడి శత్రువు కాంట్రాస్ట్. కంటిని లాగేది గరుకు ఒక్కటే కాదు, ముదురు లేతల తేడా కూడా. ఒక ముఖం గీయాల్సిన పేజీ అంతా తెల్ల గట్లు, నల్ల సందులతో నిండితే ముఖానికి చోటుండదు. అలాంటప్పుడు పేస్ట్ గీకేయక్కర్లేదు. పల్చటి జెస్సో పూత ఒకటి పైన వేస్తే ముదురు లేతల తేడా తగ్గుతుంది, ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి, చేతికి తెలుస్తాయి, కంటిని మాత్రం సతాయించవు. నా ఉద్దేశంలో ఆన్‌లైన్‌లో కనిపించే బ్యాక్‌గ్రౌండ్లు చాలావాటికి ఇంకో పొర టెక్స్చర్ కంటే ఇలాంటి ఒక మసక పొర అవసరం ఎక్కువ.

## పేజీలు అతుక్కుపోవడం, దుమ్ము పట్టడం

అక్రిలిక్ పొర ఆరాక కూడా గది వేడిలో కొంచెం మెత్తగానే ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది, బాగా చలికి పెళుసవుతుంది. ఆర్ట్ జర్నల్ మూసి బరువు పెడితే ఎదురెదురు పేజీల్లోని రెండు మెత్తటి పొరలు ఒకదానికొకటి పట్టుకుంటాయి, విప్పినప్పుడు చర్రున చిరుగుతాయి. గ్లాసీ మీడియం, జెల్ వాడిన పేజీల్లో ఇది ఎక్కువ, పొడి ఎక్కువుండే మ్యాట్ పూతల్లో తక్కువ. చాలామంది మధ్యలో బేకింగ్ పార్చ్‌మెంట్ కాగితం పెట్టుకుంటారు, కొందరు పైన పల్చగా మైనం రుద్దుతారు. మైనం పనిచేస్తుంది, కాకపోతే ఆ తర్వాత ఆ పేజీ మీద నీటి ఆధారిత రంగు ఏదీ సరిగ్గా అంటదు కాబట్టి అది చివరి పొరే అవ్వాలి.

గోడకి వేలాడే బొమ్మల్లో అతుక్కునే గొడవ లేదు, దుమ్ము గొడవ ఉంది. లోతైన పల్లాలు, పీల్చుకునే మ్యాట్ పేస్ట్ దుమ్ముని పట్టి ఉంచుతాయి, తడిగుడ్డ పెడితే ఇంకా లోపలికి పోతుంది. పైన వార్నిష్ వేస్తే తుడవడం తేలికవుతుంది, కానీ నిగనిగలాడే గ్లాసీ వార్నిష్ మ్యాట్ టెక్స్చర్ స్వభావాన్నే మార్చేస్తుంది, మ్యాట్ వార్నిష్ పల్లాల్లో ఎక్కువ నిలిచిపోతే తెల్లటి పొగలా కనిపిస్తుంది. బరువైన టెక్స్చర్ మీద వార్నిష్‌ని బ్రష్‌తో కాకుండా పల్చగా స్ప్రే చేసేవాళ్లు ఎక్కువ ఉన్నది ఇందుకే, అదీ గాలి బాగా ఆడే చోట.